రాజు యాడ మారినాడు

మా ఆయన రాజు. అబద్ధం కాదు. జాతర రోజుల్లో కిరీటం పెట్టుకుని, భుజకీర్తులు కట్టుకుని, పక్క ఊరికి వినబడేలా "ఎవరక్కడ" అని అరుస్తాడు. మిగిలిన ఏడాదంతా పలమనేరు పక్కన మా పల్లెలో ఆవుల కింద పేడ ఎత్తుతాడు. జాతర అయిపోగానే కిరీటం పెట్టెలోకి పోతుంది గానీ ఆ దర్జా మాత్రం పోదు. కూరలో ఉప్పు తగ్గితే దండోరా వేయించడం ఒక్కటే తక్కువ. పేరు చెంగయ్య. నేను ఆయన భార్య రుక్మిణమ్మను. ఆ రాజ్యంలో నాకు ఇచ్చిన ఉద్యోగం తపాలా మోయడం.

ఎందుకంటే మా ఇంట్లో తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఒకే కప్పు కింద ఉంటారు, ఒకే కుండలో వండింది తింటారు, మాటలు మాత్రం నా మీదుగానే పోవాలి. "ఏమే, ఎర్రావుకు దాణా అయిపోయిందని నీ కొడుక్కి సెప్పు" అంటాడు ఈయన. ఆ కొడుకు అక్కడే, చేయి చాస్తే తగిలేంత దగ్గర్లో కూర్చుని ఉంటాడు. వాడు నా వైపు తిరిగి, "రేపు తెస్తానని మీ ఆయనకు సెప్పుమా" అంటాడు. అటూ ఇటూ తిప్పీ తిప్పీ నాకు మెడ పట్టేసింది. మా కోడలు స్రవంతి వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకునేది. నవ్వదూ మరి, మెడ నాది కదా.

తగువు దేని గురించి అనుకుంటున్నారు? గట్టు గురించి కాదు, ఆస్తి గురించి కాదు. నాటకంలో రాజు గురించి. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

మా ఊళ్ళో తాతల నాటి నుంచి ఆడే వీధినాటకం ఒకటుంది. రణశేఖర మహారాజు కోటను శత్రువులు చుట్టుముడతారు. తన సెలవు లేకుండా కోట తలుపు తీసినవాడికి మరణమే అని ఆయన శాసనం వేస్తాడు. బయట చిక్కుకుపోయిన జనం నీళ్ళకు అలమటిస్తుంటే చూడలేక రాజు కొడుకు సుకాంతుడే తలుపు తీస్తాడు. శాసనం శాసనమే అని రాజు కొడుకును చంపిస్తాడు, ఆనక శవాన్ని ఒళ్ళో పెట్టుకుని పద్యం పాడి ఏడుస్తాడు. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ రాజు మా ఆయనే. మీసం మొలిచినప్పటి నుంచీ ఆ సుకాంతుడు మా కొడుకు రూపేషే.

కిందటేడాదికి ముందు ఏడాది, జాతర దగ్గర పడుతుండగా, బడి వరండాలో సాయంత్రం పూట ఒద్దికలు జరుగుతున్నాయి. నాటకం సాధన చేయడాన్ని మేము ఒద్దిక అంటాము. నేను టీ తీసుకుపోయాను కాబట్టి అంతా నా కళ్ళ ముందే జరిగింది. రూపేష్ ఉన్నట్టుండి, "నాయనా, ఈ రాజు యాడ మారతాడు?" అని అడిగాడు.

"ఏంది మారేది?" అన్నాడు మా ఆయన.

"మొదట్లో ఎట్ల అరిసినావో ఆఖర్లోనూ అట్లే అరిసి ఏడస్తా ఉండావు. మద్దెలో ఆ మనిసి లోపల ఏమీ జరగదా? కొడుకు సచ్చినాక ఏడిస్తే ఎవురికి లాభం? అంతకు ముందరే యాడనో ఒక తావున మనసు కరగల్ల గదా."

"రాజు కరగడు. రాజన్నాక ఇచ్చిన మాట మీద నిలబడతాడు."

"నిలబడేది రాజా, కొయ్యా?"

అందరూ నవ్వారు. హార్మోనియం ముందు కూర్చున్న వాద్యారు గిరిప్రసాద్ కూడా, మాకందరికీ నాటకం నేర్పే గురువు అయి ఉండి, మెట్లు వదిలేసి మరీ నవ్వాడు. నిజం చెప్పొద్దూ, టీ గ్లాసులు పట్టుకుని నేనూ నవ్వాను. మర్నాటికల్లా ఊళ్ళో పిల్లకాయలు మా ఆయన్ని కొయ్యరాజు అనడం మొదలుపెట్టారు. అంతే, ఆయన నోరు కొడుకు వైపు మూసుకుపోయింది. వాడు వేషం వదిలేసి, పాల వ్యాన్ తోలుకోవడంలో పడ్డాడు. సుకాంతుడి వేషం సెల్‌ఫోన్ల అంగడి లోకేష్‌కు పోయింది. తప్పెవరిదని నన్ను అడగొద్దు. ఇద్దరిదీ ఒకే ముక్కు, ఆ ముక్కు మీద ఒకే కోపం.

ఈ ఏడాది మా ఆయన గొంతు బొంగురు పోయింది. మిరియాల పాలు, కరక్కాయ, ఆవిరి పట్టడం అన్నీ అయ్యాయి. తగ్గక, ఇద్దరం బస్సెక్కి తిరుపతిలో పెద్దాసుపత్రికి పోయాము. డాక్టరమ్మ చిన్న పిల్లే, మా స్రవంతి ఈడు ఉంటుంది. సన్నటి గొట్టం లోపలికి పెట్టి చూసి, గొంతులో గడ్డ లేచిందని, ఆపరేషన్ చేసి తీసేయాలని చెప్పింది.

"తీసేస్తే మామూలుగా పాడతాడా తల్లీ?" అని అడిగాను.

"గడ్డ ఎంత లోపలికి పోయిందో కోసి చూస్తే గానీ తెలీదమ్మా. మాట రావచ్చు, ఉత్త గాలే రావచ్చు. ఇప్పుడే ఏమీ చెప్పలేను. ఈ వారమే చేసేద్దాం."

"జాతర అయినాక" అన్నాడు మా ఆయన. ఎంత చెప్పినా అదే మాట. చివరికి ఆ పిల్లే విసిగిపోయి, జాతర అయిన మర్నాడు పొద్దున్నే రావాలని, అందాకా అవసరమైతే తప్ప మాట్లాడొద్దని చెప్పి పంపింది.

తిరుగు బస్సులో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నేను ఊరుకోలేదు. "ఏమయ్యా, ఉండే గొంతు ఉండంగానే వానితో ఒక్క మాట మాట్లాడు" అన్నాను. ఆయన నా వైపు తిరిగి, "డాక్టరమ్మ మాట్లాడొద్దనింది గదా" అన్నాడు. చూశారా తెలివి. ఆ రాజ్యానికి మంత్రి ఎందుకు లేడో నాకు అప్పుడు అర్థమైంది. తిడదామని నోరు తెరిచాను గానీ, ఆయన చేయి గొంతు మీద పెట్టుకుని తడుముకుంటూ ఉంది. ఆయన అరుపులంటే నాకు విసుగే, కాదనను. కానీ ఆ అరుపు లేని ఇంట్లో నేను ఎట్లా తిరగాలో తోచలేదు. ఆ గొంతు పోయేలోగా ఒక్కసారి కొడుకును పేరు పెట్టి పిలిస్తే చాలు, ఇంకేమీ వద్దని బస్సులోనే ఏడుకొండల వైపు దండం పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి రూపేష్‌కు సంగతి చెప్పాను. వాడు వ్యాన్ టైరులో గాలి ఉందో లేదో కాలితో తన్ని చూశాడు. "పిలిస్తే పోనా నేను?" అన్నాడు. పిలవాలి కదా, అదే కదా బాధ.

దేవుడు నా మొర విన్నాడో ఏమో, లోకేష్ బైకు మీంచి పడి ముందరి పళ్ళు రెండు రాలగొట్టుకున్నాడు. పాపం వాడి పళ్ళు పోవాలని నేను మొక్కుకోలేదు. సుకాంతుడు పద్యం ఎత్తుకుంటే మధ్యమధ్యలో ఈల వినబడుతోందని వాద్యారు తల పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "చెంగయ్యన్నా, ఆ పద్యాలన్నీ తెలిసినోడు మీ రూపేష్ ఒకడే. నువ్వొక మాట అడుగబ్బా" అన్నాడు. కొడుకు అక్కడే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మా ఆయన నా వైపు తిరిగి, "నాటకం కోసరం రమ్మంటా ఉండానని సెప్పు. ఇంక దేనికీ కాదని గూడా సెప్పు" అన్నాడు. నేను చెప్పాను. వాడు వస్తానని చెప్పమన్నాడు. అదీ చెప్పాను. వాద్యారు మా ముగ్గురి మొహాలూ చూసి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఒద్దికల్లో మాత్రం బాగానే మాట్లాడుకునేవాళ్ళు. ఆయన "ఓరీ కుమారా" అంటాడు, వాడు "జనకా" అంటాడు. వరండా దిగగానే మళ్ళీ మూగనోము. పద్యంలో పలికితే పలకరించినట్టు కాదని మా ఆయన న్యాయం.

ఇక జాతర. నాటకం అంతా రాత్రి ఆడినా, చివరి ఘట్టాన్ని మాత్రం పొద్దెక్కాక వీధిలో ఆడటం మా ఊరి ఆచారం. సంకెళ్ళు వేసిన సుకాంతుణ్ణి ఇంటింటి ముందుకూ నడిపిస్తారు. ప్రతి ఇంటి ఆడమనిషీ బయటికొచ్చి, చావబోయే బిడ్డకు నీళ్ళో మజ్జిగో పోస్తుంది. వెనకే రాజు కత్తి పట్టుకుని, తల వంచుకుని నడవాలి. కొడుకు మొహం చూడకూడదు, చూస్తే శిక్ష తప్పిపోతుందని ఊరి నమ్మకం. వీధి చివర కూడలిలో సుకాంతుడు రాజు వైపు తిరిగి "జనకా, దాహము" అంటాడు. "రాజద్రోహికి జలము లేదు" అని రాజు మొహం తిప్పుకుని కుడి చేయి పైకెత్తుతాడు. చేయి లేస్తే డప్పు మోగుతుంది, డప్పు మోగితే పక్కన నిలబడ్డ తలారి కత్తి దిగుతుంది. ఆ కూడలి సరిగ్గా మా ఇంటి ముందే.

ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. జనం గోడలెక్కి, మిద్దెలెక్కి చూస్తున్నారు. నేను మజ్జిగ చెంబు పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను. ఇంటింటా తాగించి తాగించి మా వాడి కడుపు కుండలా అయి ఉంటుంది. అయినా వాడు మా ఇంటి ముందుకొచ్చి, నా వైపు చూడకుండా, వెనక ఉన్న రాజు వైపు తిరిగాడు. మొహాన వేసిన రంగు చెమటకు కారి మెడ మీదికి దిగింది.

"జనకా, దాహము" అన్నాడు.

మా ఆయన తల వంచుకునే ఉన్నాడు. జలము లేదనాలి. ఎంతసేపటికీ అనడే. గొంతు సవరించుకున్నాడు. వాద్యారు హార్మోనియం మీద అదే మెట్టు పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. అప్పుడు మా రణశేఖర మహారాజు, కిరీటంతో సహా నా వైపు తిరిగి, "ఏమే, నీ కొడుక్కి మజ్జిగ పొయ్యి" అన్నాడు.

జనమంతా గొల్లుమన్నారు. మిద్దె మీది పిల్లకాయలు ఈలలు వేశారు. ఆయన మొహం చూడాలి మీరు, అలవాటు కొద్దీ నోరు జారిందని తెలిసి నల్లబడిపోయింది. మామూలుగా అయితే నేనూ నవ్వేదాన్నే. ఆ పూట నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళు మోసిన తపాలా అంతా ఒక్కసారిగా బరువెక్కింది. గడప దిగి నేరుగా పోయి, ఆయన చేతిలోని కొయ్యకత్తి లాక్కుని, చెంబు పెట్టాను.

"నేను పొయ్యను. నువ్వే పొయ్యి" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. ఆయన చెంబు వైపు చూశాడు. ఆ తర్వాత తల ఎత్తి, కొడుకు మొహం చూశాడు. రాజు సుకాంతుడి మొహం చూడటం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. "అన్నా, సూడొద్దు, సూడొద్దు" అని వాద్యారు వెనక నుంచి గొణుగుతున్నాడు.

"నాయనా" అన్నాడు మా ఆయన.

మాకు నాయన అంటే తండ్రి. ప్రేమ ముంచుకొస్తే పెద్దవాళ్ళు బిడ్డను కూడా అట్లే పిలుస్తారు. రూపేష్ పాకే వయసులో ఉన్నప్పుడు ఈ మనిషి పాలకడవ దించీ దించకముందే అదే పిలుపు పిలిచేవాడు. వాడు పెద్దయ్యాక ఆ పిలుపు నేను మళ్ళీ వినలేదు.

"నాయనా, తాగు" అన్నాడు. సంకెళ్ళ చేతులతో వాడు దోసిలి పట్టాడు. ఈయన పోశాడు. సగం దోసిట్లో, సగం నేల మీద.

"నీళ్ళిచ్చినాక ఎట్ల సంపేది అన్నా?" అని వాద్యారు ఏడుపు మొహం పెట్టాడు. ఆయన మాట నిజమే. తాతల నాటి నుంచి సుకాంతుడు చస్తూనే ఉన్నాడు, ఈ ఏడాది చావకపోతే ఊరికి అరిష్టమని ముసలమ్మలు అప్పుడే గుసగుసలు మొదలుపెట్టారు. మా ఆయనకు అవేవీ వినబడలేదు. కత్తి పట్టుకున్న తలారి వైపు తిరిగి, "ఆగండి" అని అరిచి, కుడి చేయి పైకెత్తాడు.

ఆపడానికే ఎత్తాడు. చూసినవాళ్ళందరికీ తెలుసు. కానీ డప్పు కొట్టే మునికుమార్ ఆయన మొహం చూడలేదు, చేయి చూశాడు. ఏటేటా ఆ చేయి లేవగానే కొట్టడమే అతని పని. డప్పు మోగింది. డప్పు మోగింది కాబట్టి తలారి కత్తి దించాడు. కత్తి దిగింది కాబట్టి మా రూపేష్ కూలబడ్డాడు.

మా ఆయన ఎత్తిన చేయి అట్లాగే గాల్లో ఉంది. ఆ చేతి వైపు ఆయనే చూసుకున్నాడు. ఏటా అరుస్తూ పరుగెత్తే మనిషి, ఈసారి మెల్లగా వచ్చి, నేల మీద కూర్చుని, కొడుకు తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇది మాత్రం నాటకంలో ఉన్నదే. ఇప్పుడు పద్యం ఎత్తుకోవాలి. వాద్యారు శ్రుతి ఇచ్చాడు. ఆయన నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. "ఆగండి" అన్న అరుపుతోనే గొంతు పట్టేసింది. మళ్ళీ తెరిచాడు. పెదాలు కదులుతున్నాయి, పద్యం రావడం లేదు. ఇంతేనా, ఆ గొంతు ఇక్కడే అయిపోయిందా అనుకున్నాను.

అప్పుడు ఒళ్ళో శవం పాడింది.

నేను ఎగతాళికి చెప్పడం లేదు. మా వాడు కళ్ళు మూసుకునే, కదలకుండా, తండ్రి పాడాల్సిన పద్యాన్ని ఎత్తుకున్నాడు. వేరే ఊళ్ళో అయితే చచ్చినవాడు పాడటమేంటని నవ్వి ఉండేవాళ్ళు. మా ఊళ్ళో ఒక్క నవ్వు వినబడలేదు. ఈయన వాడి గుండె మీద చేయి వేసుకుని, వాడి పాటకు పెదాలు కలుపుతూ కూర్చున్నాడు. కన్నీళ్ళు వాడి రంగు మొహం మీద పడుతుంటే వాడు తుడుచుకోలేదు, శవం కదా. నేను అక్కడే దుమ్ములో చతికిలబడి ఏడ్చాను. వెనక నుంచి స్రవంతి వచ్చి నన్ను పట్టుకుంది. అది కూడా నవ్వడం లేదు.

అయిపోయాక గుడ్డలు మార్చుకునే పాకలో రూపేష్ తండ్రి కిరీటం విప్పుతుంటే విన్నాను. ఆయనకు మాట కొద్దికొద్దిగా తిరిగొచ్చింది, రేగు కంప గీసినట్టు బొంగురుగా. "నేను ఆపమనే గదరా ఎత్తినాను" అంటున్నాడు. "తెల్సు నాయనా" అన్నాడు వాడు. ఇంకేమీ అనుకోలేదు. పద్యం కాదు, నా మీదుగానూ కాదు.

మర్నాడు పొద్దున్నే పాల వ్యాన్ ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని తిరుపతికి బయలుదేరాము. నేను మధ్యలో కూర్చోబోతే, మా ఆయన "నువ్వు కిటికీ కాడ కూసో" అని నన్ను అటు నెట్టి, కొడుకు పక్కన కూర్చున్నాడు. మొగిలి ఘాట్ రోడ్డు దిగకముందే మొదలుపెట్టాడు. ఎర్రావు గిట్టలు పెరిగినాయి, తీయించమన్నాడు. పశువుల కొట్టం మీద రేకు ఒకటి ఎగిరిపోయేలా ఉందన్నాడు. లోకేష్‌కు పళ్ళు ఎక్కడ కట్టిస్తే బాగుంటుందో చెప్పాడు. వాడు చిన్నప్పుడు జున్ను కోసం ఎంత మారాం చేసేవాడో చెప్పాడు. మధ్యలో దగ్గు, మళ్ళీ మాట. మాట్లాడొద్దని చెప్పడానికి నేను రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాను. బంగారుపాళ్యం అయింది, చిత్తూరు అయింది, ఆయన మాట సన్నగిల్లుతోంది గానీ ఆగడం లేదు.

చంద్రగిరి దాటగానే కొండలు దగ్గరికొచ్చాయి. రోడ్డు ఖాళీగా ఉంది. ఆసుపత్రిలో చెప్పిన వేళ దాటిపోతోందని నేను గడియారం చూసుకున్నాను. మా ఆయన కొత్త దూడకు ఏం పేరు పెడదామని అడుగుతున్నాడు. రూపేష్ "నువ్వే సెప్పు నాయనా" అని, బండి వేగం తగ్గించాడు.